గీతల్లో కనిపించని చెయ్యి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను పిల్లల నరాల డాక్టర్ని. తల్లిదండ్రులు చెప్పేది వినడం, ఈఈజీ గీతలు, అంటే మెదడులోని విద్యుత్తును నమోదు చేసే పరీక్షలో వచ్చే గీతలు చదవడం, ఈ రెండింటితోనే నా రోజు గడిచిపోతుంది. చిన్నపిల్లల్లో మూర్ఛను గుర్తించడానికి సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుందో చెప్పమని అడిగారు. చెబుతాను. దానికి ముందు ఒక వీడియో గురించి చెప్పాలి.

ఐదు నెలల పాప. అప్పుడే నిద్ర లేచింది. ఉన్నట్టుండి తల ముందుకు వాలింది. రెండు చేతులూ పక్కలకు విచ్చుకున్నాయి, మోకాళ్లు పొట్టవైపు ముడుచుకున్నాయి. అంతా కలిపి రెండు సెకన్లు. మళ్లీ మామూలైపోయింది. పది సెకన్లు గడిచాయో లేదో మళ్లీ అదే. ఇంకో పది సెకన్లకు మళ్లీ. వీడియో తీస్తున్న తల్లి గొంతు వెనక నుంచి వినిపిస్తోంది, 'ఏడు... ఎనిమిది...' అని లెక్కపెడుతూ.

ఆవిడ ఆ వీడియో నాకు చూపించేసరికి ఇవి మొదలై ఆరు వారాలైంది. అంతకుముందు చూసిన ఇద్దరు డాక్టర్లలో ఒకరు కడుపునొప్పి అన్నారు, ఇంకొకరు ఉలికిపాటు అన్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. పరీక్ష గదిలో పాప ఒక్కసారి కూడా అలా చేయలేదు. తల్లి నోటితో చెబితే అది ఉలికిపాటులాగే వినిపిస్తుంది.

దీన్ని ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అంటాం, పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ. ఎక్కువగా మూడు నుంచి ఏడు నెలల వయసులో మొదలవుతుంది. దీన్ని మొదట వర్ణించింది విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిష్ వైద్యుడు. 1841లో లాన్సెట్ పత్రికకు రాసిన లేఖలో ఆయన చెప్పింది సొంత కొడుకు గురించే. పిల్లాడికి నాలుగు నెలలప్పుడు తల కొద్దికొద్దిగా ముందుకు ఊగడంతో మొదలైందట. అదేదో పిల్లవాడి చేష్ట అనుకున్నానని ఆయనే రాశాడు. తండ్రి, పైగా వైద్యుడు, రోజూ బిడ్డ కళ్లముందే ఉన్నాడు. అయినా మొదట్లో గుర్తుపట్టలేకపోయాడు. ఆ లేఖ ఎప్పుడు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది.

వెస్ట్ చేతిలో మందు లేదు. మన చేతిలో ఉంది. ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షన్లో, స్టెరాయిడ్ మాత్రలో, విగాబాట్రిన్ అనే మందో ఇస్తే చాలామంది పిల్లల్లో ఈ కుదుపులు ఆగుతాయి. కానీ ఆలస్యమైనకొద్దీ బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది. నవ్వే పాప నవ్వడం మానేస్తుంది. కూర్చోవడం నేర్చుకుంటున్న బిడ్డ మళ్లీ వాలిపోతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఎవరైనా వచ్చి 'మీకేం కావాలి?' అని అడిగితే నేను ఒకటే అంటాను. ఆ ఆరు వారాలు తగ్గించి పెట్టండి. తగ్గించే తొందరలో, జబ్బు లేని పిల్లలకు జబ్బు అంటగట్టకండి.

ఈ రెండోది ఎందుకు అంటున్నానో చెబుతాను. ఫిట్స్‌లా కనిపించేవన్నీ ఫిట్స్ కావు. గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ నీలంగా మారి, కాసేపు స్పృహ తప్పి, చేతులు కాళ్లు బిగించొచ్చు. అది మూర్ఛ కాదు. నిద్రలో పసిపిల్లల కాళ్లు చేతులు టకటకా అదిరి, లేపగానే ఆగిపోతాయి. అదీ కాదు. తాగిన పాలు పైకి తన్నే పిల్లలు మెడ ఒక పక్కకు తిప్పి ఒళ్లు విల్లులా వంచుతారు. ఇక జ్వరంతో వచ్చే ఫిట్స్ ఉన్నాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు, ప్రతి 100 మంది పిల్లల్లో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఇవి వస్తాయి. చూసేవాళ్ల ప్రాణాలు పైనే పోతాయి గానీ, దాన్ని మనం మూర్ఛవ్యాధి అనం.

మూర్ఛ అనడానికి లెక్క ఉంది. ఇంటర్నేషనల్ లీగ్ ఎగైనెస్ట్ ఎపిలెప్సీ అనే అంతర్జాతీయ సంఘం 2014లో నిర్వచనాన్ని సవరించింది. జ్వరంలాంటి తక్షణ కారణం ఏదీ లేకుండా, 24 గంటల కంటే ఎక్కువ తేడాతో రెండుసార్లు ఫిట్స్ రావాలి. లేదా ఒక్కసారే వచ్చినా, వచ్చే పదేళ్లలో మళ్లీ వచ్చే అవకాశం 60 శాతమైనా ఉండాలి. లేదా ఫలానా మూర్ఛ సిండ్రోమ్ అని తేలాలి. ఇందులో 'ఈఈజీలో తేడా వస్తే మూర్ఛ' అనే వాక్యం ఎక్కడా లేదు. దయచేసి దీన్ని గుర్తుపెట్టుకోండి, ఈ పూట నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఈఈజీ సంగతి. మెదడులోని విద్యుత్తును తల పైనుంచే నమోదు చేయవచ్చని 1924లో హన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు చూపించాడు, 1929లో ప్రచురించాడు. ఇప్పటికీ పద్ధతి అదే. బిడ్డ తలను టేపుతో కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఒక్కో చోట పేస్టు రాసి ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. ఏడాది పిల్లాడికి ఇది చేయడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటి అంటించేలోపు ఇంకొకటి పీకేస్తాడు. ఏడుస్తాడు, చెమట పడుతుంది, పేస్టు జారిపోతుంది. మా టెక్నీషియన్ ఒకావిడ ఉన్నారు, పిల్లలకు బొమ్మ చూపించి ఊసులు చెబుతూనే పదిహేను నిమిషాల్లో మొత్తం తల పూర్తిచేస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆవిడ చేతి పని మీదే నిలబడుతుంది. రికార్డింగ్ బాగా లేకపోతే తర్వాత ఎంత తెలివైన ప్రోగ్రామ్ పెట్టినా లాభం లేదు.

అంటించాక అరగంట రికార్డు చేస్తాం, వీలైతే నిద్రపుచ్చి, ఎందుకంటే చాలా తేడాలు నిద్రలోనే బయటపడతాయి. 19 చానళ్లు, అంటే తల మీద 19 చోట్ల నుంచి వచ్చే గీతలు, ఒక్కోదానికి సెకనుకు 256 కొలతలు అనుకుందాం. అరగంటలో 87 లక్షలకు పైగా అంకెలు. తెర మీద పది సెకన్లకు ఒక పేజీ చొప్పున 180 పేజీలు. వాటిలో మేం వెతికేది స్పైక్ అనే చిన్న మొన. దాని నిడివి 70 మిల్లీసెకన్లకు మించదు. సాయంత్రం ఆరో రికార్డింగ్ చదివేటప్పుడు కళ్లు లాగేస్తుంటే 143వ పేజీలో ఒక మొన తప్పిపోవచ్చు. యంత్రానికి ఒకటో పేజీ, 143వ పేజీ ఒకటే. సాఫ్ట్‌వేర్ అవసరం ముందుగా వచ్చింది ఇక్కడే. మాంట్రియల్‌లో జీన్ గాట్‌మన్ అనే పరిశోధకుడు 1976లోనే స్పైకుల్ని కంప్యూటర్‌తో పట్టే పద్ధతిని, 1982లో ఫిట్స్‌ని పట్టే పద్ధతిని ప్రచురించాడు. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన ఆలోచన కాదు.

మరి ఇన్నేళ్లయినా ఎందుకు కుదురుకోలేదు? ఒక ఉదాహరణ చెబుతాను.

ఫిట్స్‌ని గుర్తించే ఒక ప్రోగ్రామ్‌ను మేం పరీక్షిస్తున్నాం. తొమ్మిది నెలల బాబు రికార్డింగ్ అందులో వేశాం. ఒక చోట ఎర్ర గీత పెట్టింది, ఫిట్ అని. నేను ఆ పేజీ తెరిచాను. తల వెనక భాగంలో, కుడివైపు, సెకనుకు రెండు చొప్పున ఒకే లయలో అలలు. 40 సెకన్లపాటు ఉన్నాయి, టక్కున ఆగిపోయాయి. మొదలు ఉంది, చివర ఉంది, లయ ఉంది. ప్రోగ్రామ్ నేర్చుకున్న లెక్క ప్రకారం అది ఫిట్టే. నాకు మాత్రం ఒక చోట అనుమానం వచ్చింది. నిజమైన ఫిట్ సాధారణంగా పోనుపోను మారుతుంది. వేగం మారుతుంది, పక్క చానళ్లకు పాకుతుంది. ఇది మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఒక్కలాగే ఉంది. వీడియో పెట్టి చూశాను. బాబు తల్లి భుజం మీద పడుకుని ఉన్నాడు. ఆవిడ వాడి వీపు మీద మెల్లగా తడుతోంది, సెకనుకు రెండుసార్లు. బాబు నిద్రపోయాడు, చెయ్యి ఆగింది, గీతల్లో అలలూ ఆగాయి. రికార్డింగ్ అంచున మా టెక్నీషియన్ ఆ క్షణంలోనే రాసి పెట్టారు, 'తల్లి జోకొడుతోంది' అని.

ఆ ప్రోగ్రామ్‌కు వీడియో ఇవ్వలేదు, ఆ రెండు మాటలూ ఇవ్వలేదు. గీతలు మాత్రమే ఇచ్చాం. గీతల్లో చెయ్యి కనిపించదు. అప్పటి నుంచి నేను ఏ సాఫ్ట్‌వేర్ చూసినా మొదట అడిగే ప్రశ్న ఇదే: జోకొట్టడం, పాలు చప్పరించడం, వెక్కిళ్లు, ఏడుపు, ఇవన్నీ దీనికి ఎవరైనా చూపించారా? పెద్దవాళ్ల రికార్డింగుల్లో ఇవి ఉండవు. పెద్దవాళ్ల మీద నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు ఇవి ఏమిటో తెలియదు.

తేడా అక్కడితో ఆగదు. పిల్లల మెదడు నెలనెలా మారుతుంది. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్న పెద్దవాళ్లలో తల వెనక సెకనుకు 8 నుంచి 13 అలలు కనిపిస్తాయి. ఏడాది పిల్లల్లో అది 6 దగ్గర ఉంటుంది, మూడేళ్లకు 8 దగ్గరకు వస్తుంది. ఏడాది బిడ్డలో చక్కగా ఉన్న గీత ముప్పై ఏళ్ల మనిషిలో కనిపిస్తే కంగారు పడాలి. అలాగే పిల్లలు నిద్రలోకి జారుకునేటప్పుడు పెద్ద పెద్ద అలలు గుంపుగా లేస్తాయి, మధ్యమధ్య మొనలు కూడా ఉంటాయి. నిద్రలో నడినెత్తి మీద వచ్చే అలలు పిల్లల్లో ఎంత పదునుగా ఉంటాయంటే, అలవాటు లేని కళ్లకు స్పైకుల్లాగే కనిపిస్తాయి. ఇవన్నీ ఆరోగ్యమే.

నా దగ్గరకు ఒక నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. రెండేళ్లుగా మూర్ఛ మందు వాడుతున్నాడు. మందు మొదలుపెట్టాక చిరాకు ఎక్కువైందని, బడిలో ఎవరితోనూ కలవడం లేదని తల్లిదండ్రుల బాధ. పాత రికార్డింగ్ తెప్పించి చూశాను. రిపోర్టులో 'మూర్ఛ తరహా అలలు' అని రాసిన చోట ఉన్నవి నిద్రమత్తు అలలే. మొదట్లో వచ్చిన ఫిట్స్ గురించి మళ్లీ అడిగితే తల్లి చెప్పింది, 'ప్రతిసారీ కిందపడి దెబ్బ తగిలాకో, అడిగింది ఇవ్వకపోతేనో గుక్కపట్టి ఏడ్చేవాడండీ, అప్పుడే వచ్చేది' అని. మందు నెమ్మదిగా తగ్గించి ఆపేశాం. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆ రిపోర్టు రాసింది మనిషే, యంత్రం కాదు. కానీ అదే తప్పును సాఫ్ట్‌వేర్‌కు నేర్పిస్తే అది రోజుకు వందసార్లు చేస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా.

ఇక్కడ ఇంజినీర్లు అడుగుతారు, 'సరే డాక్టరుగారూ, సరైన జవాబు మీరు చెప్పండి, అదే నేర్పుతాం' అని. న్యాయమైన మాటే. కానీ సరైన జవాబు ఎవరిది? హెల్సింకీలో 79 మంది నవజాత శిశువుల ఈఈజీలను ముగ్గురు నిపుణులకు విడివిడిగా ఇచ్చి, ఫిట్స్ ఉన్నచోట గుర్తు పెట్టమన్నారు. ఆ రికార్డింగులు 2019లో అందరికీ అందుబాటులో పెట్టారు. 39 మంది శిశువుల్లో ఫిట్స్ ఉన్నాయని ముగ్గురూ ఒప్పుకున్నారు. 22 మందిలో లేవని ముగ్గురూ అన్నారు. మిగిలిన 18 మంది విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. జీవితమంతా ఇదే చదివినవాళ్ల మధ్య తేడా అది. అందుకని ఎవరైనా '99 శాతం కరెక్ట్' అంటే, ఎవరి జవాబుతో పోల్చారో, ఏ వయసు పిల్లల మీద చూశారో అడగండి.

ఇంత చెప్పాక సాఫ్ట్‌వేర్ వద్దంటున్నానని అనుకోకండి. నవజాత శిశువుల వార్డు సంగతే తీసుకోండి. అక్కడ చాలా ఫిట్స్ బయటికి కనిపించవు. బిడ్డ కదలకుండా పడుకునే ఉంటుంది, మెదడులో మాత్రం ఫిట్ నడుస్తూ ఉంటుంది. అది తెలిసేది ఈఈజీలోనే. దాన్ని రాత్రీ పగలూ చదివే నిపుణులు ఎన్ని ఆసుపత్రుల్లో ఉంటారు? ఐర్లాండ్‌లోని కార్క్ పరిశోధకులు తయారుచేసిన ఒక ప్రోగ్రామ్‌ను 8 ఆసుపత్రుల్లో 264 మంది శిశువుల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఏ బిడ్డకు ఫిట్స్ ఉన్నాయో పట్టుకోవడంలో, ప్రోగ్రామ్ ఉన్నా లేకపోయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఫిట్స్ నడిచిన గంటల్ని లెక్కేస్తే, ప్రోగ్రామ్ లేనిచోట 45.3 శాతం గంటల్ని గుర్తుపట్టారు, ఉన్నచోట 66 శాతం. ఆ ఫలితం నాకు చాలా నచ్చింది. ఫిట్ నడుస్తున్న గంటలోనే తెలిస్తే మందు ఆ గంటలోనే వేయొచ్చు. పైగా గెలిచినదాన్నీ గెలవనిదాన్నీ దాచకుండా రెండూ చెప్పారు.

ఇంకొకటి 2023లో వచ్చింది, స్కోర్-ఏఐ. 30,493 ఈఈజీ రికార్డింగుల మీద నేర్చుకుంది. రికార్డింగ్ మామూలుగా ఉందా, తేడా ఉంటే మూర్ఛ తరహాదా, వేరేదా, ఒకచోట ఉందా, అంతటా ఉందా అని విడదీస్తుంది. ఈ పనిలో నిపుణుల స్థాయికి వచ్చిందని చూపించారు. మూడు నెలల లోపు పిల్లలకు అది పనికిరాదు, వాళ్ల కోసం చేసింది కాదు. అది మొదటే చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది. వాళ్లలో 80 శాతం దాకా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే ఉన్నారు. ఈఈజీ తీసే యంత్రం ఉండి, చదివే మనిషి లేని చోట్లు ఎన్నో. అక్కడ 'ఈ రికార్డింగ్ ముందు చూడండి' అని వరస మార్చి పెట్టే ప్రోగ్రామ్ ఉన్నా, మూలన పడి ఉన్న ఒక రిపోర్టు అదే రోజు బయటికొస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం, పెన్ను ఉంటే తీయండి. ఇది కేవలం ఊహించి చెబుతున్న లెక్క. చూపు నిలిచిపోతోందనో, ఉలిక్కిపడుతున్నారనో 1000 మంది పిల్లలు వచ్చారు. వాళ్లలో నిజంగా మూర్ఛ ఉన్నది 100 మందికి. మన సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లలో 95 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 5 శాతం మందిని మాత్రమే పొరపాటుగా ఉందంటుంది. చాలా మంచి సాఫ్ట్‌వేర్ అన్నమాట. మూర్ఛ ఉన్న 95 మందిని పట్టింది. లేని 900 మందిలో 45 మందికి కూడా ఉందంది. మొత్తం 140 మందికి ఎర్ర గీత పడితే, ముగ్గురిలో దాదాపు ఒకరికి జబ్బే లేదు. ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్‌ను అసలు ఏ ఫిర్యాదూ లేని పిల్లలందరి మీదా నడిపించారనుకోండి, తప్పు గీతలే ఎక్కువైపోతాయి. సాఫ్ట్‌వేర్ మారలేదు. ఎవరి మీద వాడామన్నది మారింది.

ఎంఆర్‌ఐ విషయంలో కూడా మంచి పని జరుగుతోంది, దాన్ని క్లుప్తంగా చెబుతాను. మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లల్లో కొందరికి మెదడు పైపొరలో ఒకచోట చిన్న నిర్మాణ లోపం ఉంటుంది. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా అంటాం. అది దొరికితే ఆపరేషన్‌తో ఫిట్స్ ఆగే అవకాశం ఉంది. దొరకడమే కష్టం. మెల్డ్ గ్రాఫ్ అనే ప్రోగ్రామ్, రేడియాలజిస్టుల కంటికి అంతకుముందు చిక్కని ఇలాంటి లోపాల్లో 64 శాతాన్ని పట్టుకుందని 2025లో ప్రచురించారు. 'లోపం ఉంది' అనడంతో సరిపెట్టకుండా ఎక్కడుందో చూపిస్తుంది. అప్పుడు మనిషి వెళ్లి ఆ చోటు మళ్లీ చూస్తాడు. ఇలాంటి సాయమే మాకు కావాల్సింది. రెండేళ్ల లోపు పిల్లల్లో మెదడు తీగల పైపూత ఇంకా పూర్తవదు కాబట్టి ఎంఆర్‌ఐలో లోపాలు కనిపెట్టడం ఇంకా కష్టం. అక్కడ చేయాల్సింది చాలా మిగిలి ఉంది.

ఇక చివరిగా, మీ అందరి చేతుల్లో ఉన్న ఫోన్. తల్లిదండ్రులు తీసిన వీడియోల నుంచి పసిపిల్లల స్పాజమ్స్‌ని గుర్తించేలా ప్రోగ్రాములకు నేర్పే పని మొదలైంది. నాకు దీని మీద చాలా ఆశ ఉంది, ఎందుకంటే ఆ ఆరు వారాలు పోయేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. ప్రోగ్రామ్ ఉన్నా లేకపోయినా వీడియో మాత్రం ఎలాగూ పనికొస్తుంది. కానీ బిడ్డ తర్వాతే ఫోన్. ఫిట్ వస్తే ముందు ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతులు కాళ్లు అదిమి పట్టకండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. ఇంకో మనిషి ఉంటే వాళ్లను వీడియో తీయమనండి. లైటు వేయండి. దుప్పటి తీసేయండి. తల నుంచి పాదాల దాకా కనిపించాలి, ముఖం మీదకే జూమ్ చేయకండి. పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నారో లేదో మాకు తెలుస్తుంది. ఆగిపోగానే ఫోన్ కట్టేయకండి, తేరుకునే దాకా తీయండి. ఏ చెయ్యి ముందు కదిలింది, కళ్లు ఎటు తిరిగాయి, తర్వాత నిద్రపోయిందా ఆడుకుందా, ఇవన్నీ మాకు కావాలి. పసిబిడ్డల్లో కుదుపులు వరసగా వస్తుంటే ఆపకుండా తీయండి, మొదటిదాని కంటే వరసే ఎక్కువ చెబుతుంది.

ఆ పాప తల్లి వీడియో నాలుగు నిమిషాలుంది. నేను చూసిన రోజే ఈఈజీ తీశాం, మర్నాడు మందు మొదలుపెట్టాం. పది రోజులకు కుదుపులు ఆగాయి. తర్వాత తీసిన ఈఈజీ కూడా బాగుపడింది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఇప్పుడు మాట్లాడుతోంది. ఆ రోజు వీడియోలో ఆవిడ ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టింది. కేసు షీటులో ఆ అంకెను నేను అలాగే రాశాను.

మీ ప్రశ్నలు అడగండి.